మా పెరటి తెల్ల జిల్లేడు

మా పెరట్లో ఒకప్పుడు లక్ష సీతాకోకచిలుకలు ఎగిరేవని నేను ఎవరితోనైనా అంటే, మా ఆవిడ వంటింట్లోంచే "ఓ సున్నా తీసెయ్యండి" అంటుంది. తీసేస్తాను. ఇంకోటి కూడా తీసెయ్యమంటుంది. అలా తీసుకుంటూ పోగా చివరికి మిగిలేవి ఏ పదో పరకో. అవి మా ఇంటికి ఎలా వచ్చాయో చెబుతాను. ప్రస్తుతం ఆవిడ ఇంట్లో లేదు, పక్కింటికి వెళ్ళింది. అయినా వీలైనంత వరకు నిజమే చెబుతాను.

మాది కొత్తపేట దగ్గర కాలవ వార ఊరు. బస్సులో పక్క సీటువాళ్ళు నా ఉద్యోగం ఏమిటని అడిగితే, కోనసీమలో సగం చేలకి నీళ్ళు నా చేతి మీదుగానే వెళ్ళేవని చెబుతాను. అది మరీ అబద్ధం కాదు. నేను కాలవ లాకుల దగ్గర లస్కరుని. పైవాళ్ళు తలుపులు ఎత్తమంటే ఎత్తాను, దించమంటే దించాను. మిగతా పొద్దంతా గట్టు మీద మొలిచిన తుప్పలు కొట్టాను.

తొంభైల చివర్లో, నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాక, మా అమ్మాయీ అల్లుడూ వాళ్ళ ఏడేళ్ళ కూతుర్ని చదువుకని మా దగ్గర వదిలి దుబాయ్ వెళ్ళిపోయారు. ఆ పిల్ల పుట్టిందీ పెరిగిందీ అక్కడే, ఎక్కడో ఆకాశంలో ఉన్న ఫ్లాటులో. మట్టి అంటే కుండీలో ఉండేదనుకునేది. వచ్చిన రోజున మా పెరటి గుమ్మంలో నిలబడి కిందికి చూసి, "తాతయ్యా, ఈ ఫ్లోరు ఎవరూ తుడవరా?" అని అడిగింది.

"రోజూ తుడుస్తానమ్మా, పేడ నీళ్ళతో" అంది మా ఆవిడ.

"పేడతోనా? అంటే కావాలనే మురికి చేస్తారా?"

మా ఆవిడ నోరు తెరిచి, ఏం చెప్పాలో తోచక మూసేసింది. పెళ్ళయినప్పట్నుంచీ నేను చెయ్యలేని పని ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చేసింది.

అప్పట్నుంచీ ప్రశ్నలే. కొబ్బరి చెట్టుకి కొమ్మలెందుకు లేవు? కప్పకి దాహమేస్తే నోటితోనే తాగుతుందా? చీమలు ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటాయి? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. తెలియదని చెప్పడం అలవాటు లేదు. కప్ప తోకతో తాగుతుందని చెప్పాను. కప్పకి తోక లేదని ఆ పిల్ల బావి దగ్గర కప్పని చూసి వచ్చి మరీ చెప్పింది.

ఆ రోజుల్లో మా పెరడు బోసిగా ఉండేది. అంతకు ముందు వచ్చిన పెద్ద తుఫానుకి మా కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. నలభై చెట్లు. సరే, పదకొండు. అవి పోయాక ఎండ మొట్టమొదటిసారి మా పెరటి నేల మీదికి తిన్నగా దిగింది. మా ఆవిడకి ఆ ఎండని చూస్తే ఏడుపొచ్చేది. ఆ ఎండ కోసమే ఎవరో కాచుకుని ఉన్నారని మాకు అప్పుడు తెలియదు.

రథసప్తమి వచ్చింది. మా వైపు ఆ రోజు తెల్లారకుండానే తల మీదా భుజాల మీదా జిల్లేడాకులు పెట్టుకుని, రేగిపళ్ళు ఉంచుకుని స్నానం చెయ్యాలి. ఆకులు తేవడం ఏటా నా పనే. కాలవ గట్టు మీద జిల్లేడుకి కరువు లేదు. నేను కళ్ళజోడు పెట్టుకోకుండా వెళ్ళి, చీకట్లో చేతికందిన ఆకులు కోసుకొచ్చేశాను. మా ఆవిడ మనవరాల్ని బావి దగ్గర పీట మీద కూచోబెట్టి, నెత్తిన ఆకు పెట్టి చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళతో పాటు ఆకు జారింది. ఆకు మీదున్న పురుగు మాత్రం జారకుండా పిల్ల ముక్కు మీద ఆగింది.

కెవ్వుమని ఒక కేక. అమలాపురం బస్టాండులో వాళ్ళు లేచి కూచుని ఉంటారు. కేక వేసింది మా ఆవిడ. పిల్ల మాత్రం రెండు కళ్ళూ ముక్కు మీదికి తెచ్చుకుని దాన్నే చూస్తోంది.

"తాతయ్యా! దీనికి ఎన్ని కొమ్ములో చూడు!"

నలుపు, తెలుపు, పసుపు చారలు. వీపు మీద జతలు జతలుగా నల్లటి మెత్తని కొమ్ములు. మెళ్ళో ఎవరో రంగుల పూసలు గుచ్చి వేసినట్టుంది.

"రథసప్తమి పూట పిల్ల నెత్తిన పురుగా! చూసి కొయ్యడం రాదండీ మీకు?" అంది మా ఆవిడ.

"నేను కోసింది ఆకే. పురుగుని సూర్యభగవానుడు పంపించేడు."

"ఆయ్, మీ ఇద్దరికీ ఉత్తరాలు నడుస్తున్నాయి మరి!"

ఆ పురుగు ఖాళీ పచ్చడి సీసాలోకి చేరింది. వంటింట్లోకి రానివ్వనని మా ఆవిడ అంటే సీసా వీధరుగు మీదికొచ్చింది. మూతకి బెజ్జాలు కొట్టాను. జామాకు వేస్తే అటు తిరిగి చూడలేదు. తమలపాకు వేస్తే దాని మీదెక్కి అవతలికి దిగిపోయింది. జిల్లేడాకే కావాలి, అదీ ఏ పూటకా పూట లేతది. నేను రోజూ గట్టుకి నడిచి తెచ్చేవాణ్ణి. అది తింటూ ఉంటే పిల్ల సీసాకి చెవి ఆనించి వినేది. ఒకనాడు అది తినడం మానేసి, మూతకి తలకిందులుగా వేలాడి, మర్నాటికి లేతాకుపచ్చ లోలాకై కూచుంది. దాని మీద బంగారు చుక్కలు. మా ఆవిడ కూడా వచ్చి చూసింది. "ఇంత నాజూకు పని మన కంసాలికి చేతకాదు" అని వెళ్ళిపోయింది.

అది సీతాకోకచిలుకై బయటికొచ్చిన రోజున పిల్ల బడికెళ్ళింది. సీసాలో రెక్కలు కొట్టుకుంటున్నాయని చూసి, మా ఆవిడ జాలిపడి మూత తీసేసింది. సాయంత్రం పిల్ల వచ్చేసరికి సీసాలో ఎండిన ఉల్లిపొర లాంటి డొల్ల ఒకటి ఉంది. ఏడవలేదు. సంచీ భుజానికే ఉంచుకుని అడిగింది.

"ఎలా వచ్చింది అమ్మమ్మా? తల ముందా, రెక్కలు ముందా?"

"నేను చూళ్ళేదమ్మా. అప్పటికే వచ్చేసింది."

"తాతయ్యా, నువ్వు చూసేవా?"

నేను ఆ సీసాకి బారెడు దూరంలో అరుగు మీద నిద్రపోతూ ఉన్నాను. "ఓ, చూడకేం!" అన్నాను. అది బయటికి వచ్చి సూర్యుడికి నమస్కారం పెట్టిందనీ, నా చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసిందనీ చెప్పాను. పిల్ల కాసేపు నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం దగ్గర మాత్రం మెల్లిగా అంది. "నాకు అది బయటికి రావడం ఒక్కసారి చూడాలనుంది. సీసాలో వద్దు. అవే మనింటికి రావాలి."

అంతవరకూ ఆ పిల్ల మా దగ్గర ఏదీ కావాలని అడగలేదు. ఫోనులో వాళ్ళమ్మతో "బావున్నాను" అనేది. అంతే. ఇప్పుడు ఒకటి అడిగింది.

నాకు ఉత్సాహం వస్తే నోరు ఆగదు. "దానికేముంది! మా అమ్మకి ఈ పెరట్లోనే సీతాకోకచిలుకల తోట ఉండేది. జమీందార్లు పడవలు కట్టించుకుని చూడ్డానికి వచ్చేవారు" అన్నాను.

"ఏ మొక్క ఎక్కడుండేది?"

అక్కడ దొరికిపోయాను. జమీందార్లనైతే ఎంతమందినైనా తేగలను గాని, మొక్కల్ని గుర్తు తెచ్చుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని పెరడంతా తిప్పింది. ఇక్కడేముండేది, అక్కడేముండేది అని అడుగుతూంటే, నిజంగానే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. బావి పక్కన దబ్బ చెట్టు. వంటింటి కిటికీ కింద కరివేపాకు. గోడ వార ఎర్ర గన్నేరు. దొడ్డి తలుపు దగ్గర సీతాఫలం. మా అమ్మ వాటిని ఊరగాయకీ, పోపుకీ, పూజకీ పెంచుకుంది. చిలకల కోసం కాదు. కాని చిలకలూ వచ్చేవి. కరివేపాకు మీద, చూడ్డానికి అచ్చం పిట్ట రెట్టలాగే ఉండే చిన్న పురుగులు ఉండేవి. పెరిగితే పచ్చగా అయ్యేవి. పుల్లతో పొడిస్తే తల మీంచి ఎర్రటి కొమ్ములు బయటికొచ్చి ఘాటుగా వాసనేసేది. గన్నేరాకుల కింద వెండి బుగడీల్లాంటి చిలకల గూళ్ళు వేలాడేవి. వాటిలో మొహం చూసుకోవచ్చు. ఇదంతా చిన్నప్పుడు చూశానని నాకే అంతవరకూ తెలియదు.

చెప్పుకుంటూ పోతుంటే పిల్ల ముచ్చటపడి, "మీ అమ్మకి అవంటే చాలా ఇష్టమా?" అంది.

ఆ మాటకి అవునని చెప్పేస్తే పోయేది. ఎందుకో చెప్పలేకపోయాను.

"జమీందార్లెవరూ రాలేదే అమ్మలూ. మా అమ్మ ఆ పురుగుల్ని ఏరి కోళ్ళకి వేసేది."

పిల్ల ఆగిపోయింది. 

"అయినా మళ్ళీ వచ్చేవా?"

"వచ్చేవి."

"రోజూ వేసేసినా?"

"రోజూ వేసేసినా."

"అయితే కోళ్ళు లేకపోతే ఎన్ని వచ్చేవో!"

మాకు అప్పుడు కోళ్ళు లేవు. అలా మొదలైంది.

మా అమ్మ దబ్బ చెట్టు తుఫానుకి పోయింది. కాని దాని పిల్ల ఒకటి రాజోలు దగ్గర మా చెల్లెలింట్లో ఉంది. కాపురానికి వెళ్ళేటప్పుడు చీర మడతల్లో దబ్బ గింజలు పెట్టి పంపింది మా అమ్మ. ఆ చెట్టు గింజలు పడి కింద మొలిచిన మొక్కని తెచ్చుకుందామని నేనూ మనవరాలూ రెండు బస్సులు మారి వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు పిల్ల మొక్కని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూచుంది. కండక్టరు వచ్చి మొక్కని చూపించి, "ఏమ్మా, ఈవిడకి టికెట్ తీసేరా?" అన్నాడు.

"ఒళ్ళో కూచుంటే టికెట్ ఉండదు కదండీ?" అంది పిల్ల.

"ఎవరమ్మా ఈవిడ మీకు?"

పిల్ల నా వైపు చూసింది. లెక్క వేసుకుని, "మా తాతయ్య వాళ్ళమ్మ చెట్టుకి మనవరాలండీ. నాలాగే" అంది. కండక్టరు టికెట్ల పెట్టె చంకలో పెట్టుకుని మొక్కకి దణ్ణం పెట్టాడు.

దబ్బ, కరివేపాకు, గన్నేరు, సీతాఫలం అన్నీ వచ్చాయి. పిల్ల కాలికి చెప్పులు ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. కాని పిల్లకి కావలసిన ఆ పూసల పురుగు వీటి మీదికి రాదు. దానికి జిల్లేడే కావాలి. ఆ మాట ఎత్తేసరికి మా ఆవిడ చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఇంట్లో జిల్లేడా? నీ కొంపలో జిల్లేళ్ళు మొలవా అని శత్రువుని తిడతారు. మీరు చేతులారా పాతుతారా? అల్లుడు పరాయి దేశంలో ఉన్నాడు. ఆడపిల్ల అక్కడుంది. నేను ఒప్పుకోనండి. పిల్లని ఇంకేదైనా అడగమనండి, పాతండి."

ఆవిడ భయం వేళాకోళం కాదు. దుబాయ్ నుంచి ఫోను రావడం ఒక్కరోజు ఆలస్యమైతే దేవుడి గదిలోంచి బయటికి రాదు. నేను బుద్ధిమంతుణ్ణయితే అక్కడితో ఊరుకోవాలి.

"తెల్ల జిల్లేడైతే?" అన్నాను.

మా ఆవిడ చేట మళ్ళీ తీసుకోబోయి ఆగింది. తెల్ల పువ్వుల జిల్లేడు సంగతి వేరు. దాని వేళ్ళలో వినాయకుడు ఉంటాడని నమ్ముతారు. ఇంట్లో ఉంటే అదృష్టమంటారు. వెతికితే దొరకదు.

"ఎక్కడుందండీ?"

"ఆత్రేయపురం వైపు, ఒక గట్టు మీద. నేను చూసేను. ఎవరికీ చెప్పకు."

మర్నాడు మా లాకుల గట్టు మీద మామూలు ఊదాపువ్వుల జిల్లేడు కొమ్మ ఒకటి కోసి తెచ్చి, దొడ్డి తలుపు పక్కన పాతాను. పిల్ల నా పక్కనే కూచుని మట్టి సర్దుతూ, "ఇది తెల్లదేనా తాతయ్యా?" అంది.

"పువ్వు పూసేదాకా ఇది ఏ రంగైనా కావచ్చు."

"అంటే అబద్ధమా?"

"అబద్ధం కాదు. తొందరపడ్డ నిజం" అన్నాను. పిల్లకి అది నచ్చలేదు. కాని మొక్క కావాలి కనక ఊరుకుంది.

మా ఆవిడ ఆ కొమ్మకి పొద్దున్నే పసుపు నీళ్ళు పోసేది. ఎండాకాలం దాటేసరికి నడుమెత్తు అయింది. పక్కింటి ఆవిడని పిలిచి చూపించింది. ఆవిడ మరో నలుగురికి చెప్పింది. "శ్రావణంలో పూస్తుంది వదినగారూ, వరలక్ష్మీ వ్రతానికి మీరందరూ రావాలి, చూద్దురుగాని" అని మా ఆవిడ అనడం విని, మొగ్గలేమైనా వచ్చాయేమో చూడ్డానికి నేను దొడ్లోకి పరిగెత్తాను.

శ్రావణం ముందర్నుంచీ చిలకలు రావడం మొదలైంది. దబ్బ మీదికి నలుపూ పసుపూ గళ్ళవి వచ్చాయి. గన్నేరు మీదికి కాఫీరంగువి వచ్చాయి. బడి పిల్లలు మా దొడ్డి గోడ మీద వరసగా కూచుని చూసేవాళ్ళు. జిల్లేడు మీదికి నారింజ రంగు చిలక వచ్చి, ఆకు కింద తోక వంచి, ఆవగింజంత కూడా లేని తెల్లటి గుడ్డు పెట్టింది. పిల్ల దాన్ని భూతద్దంతో చూసింది. కొన్నాళ్ళకి అయిదు పూసల పురుగులు తయారై ఆకులు కొరుకుతూ ఉన్నాయి. ఆకులతో పాటు మొగ్గలూ వచ్చాయి. నేను రోజూ దొంగచాటుగా ఆ మొగ్గల రంగు చూసి, తెల్లగా మార్చమని దణ్ణం పెట్టేవాణ్ణి. దేవుడు లస్కర్ల మాట వినడు.

వ్రతం శుక్రవారం. మంగళవారం పొద్దున్న మా ఆవిడ పసుపు నీళ్ళ చెంబుతో వెళ్ళి, చెంబుతోనే తిరిగొచ్చింది. నేను పేపరు వెనక్కి నక్కాను.

"ఏవండీ. పువ్వు పూసింది."

"ఆహా."

"ఊదారంగు."

"కొన్ని ముందు ఊదాగా పూసి, తరవాత తెల్లగా..."

"పేపరు దింపండి."

దింపాను. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. కోపం వస్తే నాకు అలవాటే, ఇదే అలవాటు లేదు. "ఊరందర్నీ పిలిచేనండీ. ఏళ్ళ తరబడి మీ మాటలు వింటున్నదాన్ని, ఇదొక్కటి నమ్మేను. పసుపు నీళ్ళు పోసేను దానికి" అంది. నేను ఒప్పుకున్నాను. కొమ్మ ఎక్కడిదో, ఎందుకు తెచ్చానో మొత్తం చెప్పాను. ఏమీ కలపలేదు. కలిపే ధైర్యం లేకపోయింది.

"శుక్రవారం లోపల అది ఉండకూడదు. ఎండిపోయిందని చెప్పుకుంటాను" అంది.

"అమ్మమ్మా, పురుగులున్నాయి దాని మీద" అంది పిల్ల తలుపు దగ్గర్నుంచి. ఎప్పట్నుంచి వింటోందో.

"గట్టు మీద జిల్లేళ్ళున్నాయి కదమ్మా, వాటి మీద వదిలేద్దాం."

"అక్కడైతే అవి బయటికి రావడం నేనెలా చూస్తాను?"

"తాతయ్య తీసుకెళ్ళి చూపిస్తారు."

పిల్ల నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తాతయ్య చూపిస్తాడన్న మాట మీద ఆ పిల్లకి ఏ మాత్రం నమ్మకం మిగల్లేదు. నా పుణ్యమే.

"అయితే పీకే ముందు ఒక్కసారి చూడు అమ్మమ్మా. అది ఎలా తింటుందో ఒక్కసారి చూసి అప్పుడు పీకు" అంది.

మా ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూనే ఆ జిల్లేడు ముందు గొంతుక్కూచుంది. పిల్ల ఒక ఆకు కింద వేలు చూపించింది. అక్కడ ఒక పెద్ద పురుగు ఆకు మధ్య ఈనెని పట్టుకుని, తినకుండా ఉత్తినే కొరికి గాటు పెడుతోంది. గాటులోంచి తెల్లటి పాలు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. పురుగు పక్కకి తప్పుకుంది. పాలు కారడం తగ్గేదాకా ఆగి, అప్పుడు ఆకు చివరికెళ్ళి తినడం మొదలుపెట్టింది.

మా ఆవిడ ఇంకాస్త దగ్గరికి వంగింది. మా ఊళ్ళో పనసపొట్టు కొట్టాలంటే ఆవిడనే పిలుస్తారు. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, ముందు కాయకి గాటు పెట్టి, జిగురు పాలు కారనిచ్చి, తుడిచి, అప్పుడు సన్నగా కొడుతుంది. అలా చెయ్యకపోతే వేళ్ళు అతుక్కుపోతాయి. అది ఒకరు నేర్పితే వచ్చే పని.

"పాలు కార్చేసి తింటోందేవిటండీ!" అంది చివరికి.

"అవును."

"దీనికి ఎవరు చెప్పేరు?"

పిల్ల భుజాలెగరేసింది. మా ఆవిడ రెండో ఆకు తిప్పి చూసింది. అక్కడి పురుగూ అదే పని చేస్తోంది. మూడో ఆకూ తిప్పింది. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన నాకే ముందు తెలిసింది. నేనే వెళ్ళి దింపాను.

ఆ సాయంత్రం ఆవిడ పెట్టె తెరిచి, మా అమ్మ కట్టుకున్న బండారులంక నూలుచీర ఒకటి తీసింది. ఉతికి ఉతికి దోమతెరలా పల్చనైపోయింది. దాన్ని జిల్లేడు చుట్టూ నాలుగు కర్రలు పాతి, పందిరిలా కప్పింది.

"కొత్తదైతే ఉక్కపోస్తుంది వాటికి" అంది. మా అమ్మ బతికుంటే కోళ్ళని కేకేసి ఉండేది.

శుక్రవారం పేరంటాళ్ళు వచ్చారు. శనగలు, తాంబూలాలు అయ్యాక పక్కింటి ఆవిడ తిన్నగా దొడ్లోకి నడిచింది. వెనకే మిగతావాళ్ళు. నేను గుమ్మం పక్కన నిలబడి వినాయకుణ్ణి తలుచుకున్నాను. ఆయన పేరు వాడుకున్నందుకు క్షమించమని కూడా చెప్పుకున్నాను.

"చీర కప్పేరేంటి వదినగారూ? తీసి చూపించండి."

"అయ్యో, ముట్టుకోకండి వదినగారూ!" అంది మా ఆవిడ. గొంతు కొంచెమైనా మారలేదు. "మొదటి పువ్వు కదండీ. నెల వెళ్ళేదాకా ఎవరి కళ్ళూ పడకూడదట. మా అత్తగారి చీరే కప్పాలిట. లేకపోతే తెల్లపువ్వు రంగు విరిగిపోతుందటండీ."

"ఎవరు చెప్పేరండీ?"

"మాకు ఇంట్లో వస్తున్న ఆచారమండీ."

పేరంటాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఒకావిడ చీర అంచుకి కుంకం బొట్టు పెట్టింది. పక్కింటి ఆవిడ వచ్చే ఏడాది కొమ్మ ఇమ్మని అడిగింది. "దానికేం, తప్పకుండా" అంది మా ఆవిడ. మనవరాలు నా చెయ్యి గిల్లింది.

అందరూ వెళ్ళాక ఆవిడ నా ఎదుట కూచుని శనగలు నోట్లో వేసుకుంటూ, "చెప్పేటప్పుడు చేతులు ఊపకూడదండీ. మీకు అదొక్కటే తెలీదు" అంది.

ఆ జిల్లేడు తరవాత చాలా ఏళ్ళు మా పెరట్లో ఉంది. ఎప్పుడూ పువ్వు పూయలేదు. అంటే, పక్కింటివాళ్ళు లేవక ముందే మొగ్గలు మా ఆవిడ పూజబుట్టలోకి వెళ్ళిపోయేవి. జిల్లేడు ఇంట్లో ఉండకూడదన్న భయం పోయిందా అని ఒకసారి అడిగాను. "ఫోను టైముకే వస్తోంది కదండీ" అంది.

వ్రతం మర్నాడు పిల్ల చీర ఎత్తి చూస్తే పురుగులు లేవు. ఆకులన్నీ తిప్పి చూసింది. అప్పుడు మా ఆవిడ లోపల వైపు మడతలు చూపించింది. మా అమ్మ చీరకి అయిదు లేతాకుపచ్చ లోలాకులు వేలాడుతున్నాయి. ఇక ఆ చీర కదిలించడానికి లేదు. అక్కడే ఉండిపోయింది. వాన వస్తే మా ఆవిడ పైన గొడుగు కట్టింది.

వారం పైన గడిచాక ఒక శనివారం సాయంత్రం ఒక లోలాకు నల్లబడి, లోపలి రెక్కలు అద్దంలోంచి చూసినట్టు కనిపించాయి. ఆదివారం బడి లేదు. "తాతయ్యా, నువ్వూ ఉండు" అంది పిల్ల. నేను కొత్తపేట వెళ్ళి చటుక్కున క్షవరం చేయించుకుని వచ్చేస్తానన్నాను. క్షవరం చటుక్కునే అయింది. కబుర్లు కాలేదు. తిరిగొచ్చేసరికి అమ్మమ్మా మనవరాలూ తడి నేల మీద పక్కపక్కన కూచుని ఉన్నారు. చీర మీద నారింజ రంగు రెక్కలు ఆరుతున్నాయి. పొయ్యి వెలగలేదు. ఇద్దరూ నా వైపు తిరగలేదు.

"ముందు కాళ్ళు వచ్చేయమ్మమ్మా."

"కాదే, తల. నేను చూసేను."

"తల తోసింది. కాళ్ళు పట్టుకున్నాయి."

పిల్ల మొహం చూస్తే నాకు ఇంకేం అడగాలనిపించలేదు. ఆ రాత్రి ఫోనులో వాళ్ళమ్మతో ఎంతసేపు మాట్లాడిందంటే, దుబాయ్ నుంచి అల్లుడు బిల్లు గురించి దగ్గడం మాకు వినిపించింది.

నేను మాత్రం ఆ మర్నాడు బజార్లో అందరికీ, అది నా కళ్ళ ముందే పుట్టిందని చెప్పాను. ఇదిగో, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కాని తరవాత జరిగింది మాత్రం ఒప్పుకోలు కాదు, జరిగిందే.

ఆ వారంలోనే ఒక పొద్దున్న పిల్ల బడిలో ఉంది, మా ఆవిడ పక్కింట్లో ఉంది. నేను జిల్లేడు దగ్గర పీట వేసుకుని కూచున్నాను. రెండోది నల్లబడి ఉంది. ఉన్నట్టుండి చిట్లింది. పిలుద్దామంటే ఎవరూ లేరు. లేచి వెళ్తే తప్పిపోతుంది. అలాగే కూచుండిపోయాను. తడిసిన పొట్టా, నలిపి జేబులో కుక్కిన రుమాలులాంటి రెక్కలూ బయటికొచ్చాయి. అది డొల్లనే పట్టుకుని వేలాడుతూ మెల్లిగా రెక్కలు చాపుకుంది. నేను దేనికీ సున్నా కలపలేదు. కలపడానికి చోటు లేదు.

మధ్యాన్నం మా ఆవిడకి చెబితే, "ఆహా, ప్రదక్షిణాలు చేసిందా?" అంది. సాయంత్రం పిల్ల వచ్చింది. చెప్పాను. ఆ పిల్ల సంచీ దించలేదు. నా ఎదురుగా నిలబడి చేతులు కట్టుకుని, ఆదివారం తను చూసినదాంట్లోంచి పరీక్ష పెట్టింది.

"దానికి తొండాలు ఎన్ని?"

"రెండు" అన్నాను. "రెండు సన్నటి దారాలు. చుట్టుకుని విప్పుకుని, చుట్టుకుని విప్పుకుని, రెంటినీ కలిపి ఒకటి చేసుకుంది. చాలాసేపు పట్టింది."

పిల్ల చేతులు విప్పింది. "తరవాత?"

"పొట్ట కొస నుంచి ఒక బొట్టు పడింది."

"ఏం రంగు?"

"ఇటుక రంగు."

పిల్ల వంటింటి వైపు తిరిగి, "అమ్మమ్మా, చూసేడు! తాతయ్య నిజంగా చూసేడు!" అని అరిచింది.

మా ఆవిడ తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. నా మొహం చూసింది, పిల్ల మొహం చూసింది. నమ్మిందో లేదో చెప్పలేను. జిల్లేడు దగ్గరికి వెళ్ళి వంగి, మా అమ్మ చీర అంచు రెండు వేళ్ళతో ఎత్తి, ఆ బొట్టు కోసం వెతకడం మొదలుపెట్టింది.